అటక మీది తల్వార్ తారీఖ్



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తరఫు ఇళ్లలో పాత తల్వార్ బయటపడితే జనం మూడు సవాళ్లు అడుగుతారు. ఎంత వస్తుంది? ఏ నవాబుది? ఎన్నేళ్లది? వరుస కూడా ఇదే. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ని, అఖబార్ నౌకరీ చేసేవాణ్ని. అందుకని "భాయ్, దీని మీద ఏదో రాసి ఉంది, వచ్చి చదివిపెట్టు" అని ఫోన్లు వస్తుంటాయి. వెళ్తాను. అటక మీద నుంచి, సందూఖ్ అడుగు నుంచి, పాత దుప్పట్లో చుట్టి పెట్టినదాన్ని తీసి చూపిస్తారు. కొన్ని నిజంగానే బుజుర్గుల నిషానీలు. చాలా మట్టుకు టూరిస్టుల కోసం చేసిన నఖ్లీ సరుకు. రెండో రకం తెచ్చి చూపించేవాళ్లే "ఇది టిప్పు సుల్తాన్‌ది" అని గట్టిగా చెబుతారు.

ఈ మధ్య పాత సామాన్లు కొనేవాళ్లు ఊళ్లలో తిరుగుతున్నారు. రాగి దేగ్చీలు, గ్రామఫోన్లు, పాన్‌దాన్లతో పాటు తల్వార్లు కూడా అడుగుతున్నారు. ఇంకోపక్క మన పిల్లల్లోనే పాత ఆయుధాలు జమచేసే షౌఖ్ మొదలైంది. అమ్మేవాళ్లకీ, కొనేవాళ్లకీ, ఏం చేయాలో తోచక అటక మీదే ఉంచినవాళ్లకీ నేను చెప్పేది ఒకటే. తల్వార్ ఒక దస్తావేజు. ముందు దాన్ని చదవాలి. ఖీమత్ సంగతి తర్వాత. చదవకుండా తోమితే చెరిపేసినట్టు, చదవకుండా అమ్మితే పారేసినట్టు.

పరఖ్ మన ఇల్మే

పాత తల్వార్‌ని పరఖడం అంటే జపాన్ వాళ్ల విద్య అని నేటి షౌఖీన్లు అనుకుంటారు. జపాన్ వాళ్లు దాన్ని చాలా పైస్థాయికి తీసుకెళ్లిన మాట నిజం. కానీ తల్వార్‌ని చూసి అది ఎక్కడిది, ఏ లోహం, ఎంత మేలైనది అని చెప్పే కితాబు తొమ్మిదో శతాబ్దంలోనే బగ్దాద్‌లో తయారైంది. రాసినవారు ఫిలాసఫర్ అల్ కిందీ. అబ్బాసీ ఖలీఫా అల్ ముఅతసిమ్ కోసం రాశారు. ఆ ఖలీఫా హుకూమత్ 833 నుంచి 842 దాకా. అందులో అల్ కిందీ ఇనుమును రెండు రకాలుగా విడగొట్టారు. గని నుంచి వచ్చినదాన్ని నేరుగా వాడేది ఒకటి, శుద్ధి చేసి తయారుచేసే ఫౌలాద్ ఇంకొకటి. యమన్ తల్వార్ ఎలా ఉంటుంది, హింద్ తల్వార్ ఎలా ఉంటుంది, సరందీప్ తల్వార్ ఎలా ఉంటుంది అని బయాన్ చేశారు. ఇందులో ఒక మాట నాకు చాలా నచ్చింది. మేలైన తల్వార్‌ని ఆయన 'అతీఖ్' అంటారు. అతీఖ్ అంటే మామూలుగా పాతది అని కదా అర్థం. ఆయన మాత్రం వయసును బట్టి ఆ పేరు పెట్టలేదు, గుణాన్ని బట్టి పెట్టారు. నిన్న తయారైనదైనా అసలు గుణాలుంటే అతీఖే. పాతదైనంత మాత్రాన గొప్పది కాదు అని పన్నెండు వందల ఏళ్ల కిందటే చెప్పారన్న మాట.

అరబ్బీలో 'ముహన్నద్' అంటే హింద్ ఫౌలాద్‌తో చేసిన తల్వార్. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం సమక్షంలో కఅబ్ బిన్ జుహైర్ చదివిన మశహూర్ కసీదాలో కూడా ఈ లఫ్జ్ ఉంది. అంటే ఇస్లాం ఈ ముల్క్‌కి రాకముందే ఈ ముల్క్ ఇనుము అరబ్ జబాన్‌లోకి వెళ్లింది.

ఫౌలాద్ ఎక్కడిది?

హింద్‌లో ఎక్కడిది అంటే, దక్షిణాదిలో చాలా చోట్లది. అందులో మన తెలంగాణ వాటా పెద్దది. ఇంగ్లీషు వాళ్లు 'వూట్జ్' అని రాసిన మాట మన 'ఉక్కు' నుంచి వచ్చిందేనని భాషా పండితులు చెబుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం, నిర్మల్ చుట్టుపక్కల ఊళ్లు ఈ ఉక్కుకు పేరుమోసినవి. కమ్మరి కారీగర్లు ఇనుప ముక్కల్ని మట్టి మూసలో వేసి, మూత పెట్టి మట్టితో మూసేసి, గంటల తరబడి కొలిమిలో ఉంచేవారు. ఇనుము కరిగి బొగ్గులోని కార్బన్‌ని పీల్చుకునేది. ఆ తర్వాత మెల్లగా, చాలా మెల్లగా చల్లారనిచ్చేవారు. మూస పగలగొడితే చిన్న రొట్టె అంత ఉక్కు ముద్ద వచ్చేది.

ఫ్రెంచ్ వ్యాపారి తవెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ వచ్చాడు. నీటి అలల్లాంటి గీతలు తేలే తల్వార్లకు పనికొచ్చే ఫౌలాద్ గోల్కొండ సల్తనత్ నుంచే వస్తుందని రాశాడు. అదే కాలంలో వచ్చిన ఇంకో ఫ్రెంచ్ ముసాఫిర్ తెవెనో ఇందల్వాయి గురించి రాశాడు. అక్కడ తల్వార్లు, ఖంజర్లు, బల్లేలు తయారై హిందుస్తాన్ అంతటికీ వెళ్తాయని, ఇనుము దగ్గరి కొండ నుంచే తీస్తారని చెప్పాడు. నేడు నిజామాబాద్ వెళ్లేటప్పుడు బస్సులో మనం కునుకు తీస్తూ దాటిపోయే ఇందల్వాయి అదే.

1820ల నాటి సంగతి ఇంకొకటి. సర్వే శాఖతో తిరిగిన వాయ్‌సీ అనే ఇంగ్లీషు డాక్టర్ కోనసముద్రం వెళ్లాడు. అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే సౌదాగర్ కనిపించాడు. కొలిమిల దగ్గరే ఉండి, ఇనుము తూకం తానే చూసుకుని, తయారైన ఒక్కో ముద్దనీ తానే పరీక్షించి కొనేవాడు. ఇరవై ఏళ్ల కింద కూడా ఇదే పనికి వచ్చి వెళ్లాడట. ఇరాన్‌లో ఇలాంటిది చేయాలని చూశారు కానీ కుదరలేదని ఆయన చెప్పాడు. ఒక తెలుగు కమ్మరి, ఒక ఇస్ఫహానీ హాజీ, వాళ్ల నడుమ ఒక కొలిమి. నా మటుకు దక్కన్ తారీఖ్ అంటే ఈ తస్వీరే. మన ఇంట్లోని తల్వార్ మీద ఫార్సీ హరూఫ్ ఉండవచ్చు. ఆ హరూఫ్ కింది లోహాన్ని కరిగించిన చేయి తెలుగు చేయి అయి ఉండవచ్చు. 'మీది', 'మాది' అని కొట్లాడేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబ్ నాకు తెలియదు.

ఇక మన జిల్లా సంగతి. గోల్కొండ నుంచి మచిలీపట్నం బందరుకు వెళ్లే పాత బాట నల్లగొండ ఇలాఖా మీదుగా విజయవాడ వైపు దిగేది. వజ్రాలు, బట్ట, ఇనుము, ఉక్కు అన్నీ ఈ దారినే. నేడు సూర్యాపేట, కోదాడ మీదుగా లారీలు పరుగెత్తే హైవే ఆ పాత బాటకు వారసురాలే. మచిలీపట్నంలో డచ్ వాళ్లు 1600ల తొలి పదేళ్లలోనే కోఠీ పెట్టారు. తీరం నుంచి ఇనుము, ఉక్కు ఓడల్లో బటావియాకు, అంటే నేటి జకార్తాకు వెళ్లేది. డచ్ ఓడలు అక్కడి నుంచి జపాన్‌కీ వెళ్లేవి.

ఇక్కడ జపాన్ ముచ్చట వస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో తొకుగావా షోగున్‌లకు తల్వార్లు చేసిన ఎచిజెన్ యసుత్సుగు అనే ఉస్తాద్, పిడి లోపల దాగే భాగం మీద 'నన్‌బాన్ తెత్సుతో చేసింది' అని చెక్కేవాడు. నన్‌బాన్ తెత్సు అంటే దక్షిణ దిక్కు విదేశీయులు తెచ్చిన ఇనుము. అది హిందుస్తాన్ ఉక్కే అయి ఉంటుందని కొందరు పరిశోధకుల అంచనా. అయితే "సమురాయ్ తల్వార్ మన కోనసముద్రం ఉక్కుతో చేసిందే" అని వాట్సాప్‌లో ఎవరైనా పంపిస్తే దాన్ని ముందుకు పంపకండి. అంచనా వేరు, సబూత్ వేరు. పరఖ్‌లో మొదటి సబఖ్ ఇదే.

పేరు ఆకారాన్ని బట్టి

ఇప్పుడు తల్వార్‌ని ముందు పెట్టుకుని చదువుదాం. చదివే వరుస ఇది: ఆకారం, కబ్జా, జౌహర్, రాత, ముద్ర.

సన్నగా, బాగా వంగి, కొస దాకా సన్నబడుతూ పోయేది శంషీర్. ఇరానీ తర్జ్. కొద్దిగా వంగి, వెడల్పు అలాగే నిలిచేది మన హిందుస్తానీ తల్వార్. తిన్నగా, రెండు వైపులా పదునుతో, కొస దగ్గర వెడల్పయ్యేది ఖాండా. తిన్నటి యూరప్ పట్టాకు మన తరహా పిడి బిగిస్తే అది ఫిరంగీ. చేతిని మోచేతి దాకా కప్పే ఇనుప తొడుగుతో ఉండేది పటా. చేతికర్రలో దాచేది గుప్తీ. చౌష్ ఖాందాన్లలో కనిపించే వంకర చాకు జంబియా.

పిడి దగ్గర ధార్ ఎలా మొదలవుతుందో చూడండి. పదును పెట్టని రెండు మూడు వేళ్ల భాగం వదిలి తర్వాత ధార్ మొదలైతే ఆ పట్టా హిందుస్తాన్‌లో చేసింది అనడానికి బలమైన నిషానీ. ఇరానీ పట్టాల్లో సాధారణంగా ఈ మొద్దు భాగం ఉండదు. ఈ ఒక్క వేలి గుర్తు తెలియక మన తల్వార్లను ఇరానీవని, ఇరానీ వాటిని మనవని ఎన్నోసార్లు అమ్మారు.

కబ్జా అబద్ధం చెప్పవచ్చు

కబ్జా అంటే పిడి. చూసేవాడి కన్ను ముందు దానిమీదికే పోతుంది, ఎందుకంటే బంగారు తీగతో చేసిన కోఫ్త్‌గరీ పని అక్కడే ఉంటుంది. పట్టా వయసు, కబ్జా వయసు ఒకటే కావాలని లేదు. మన దగ్గర పిడిని లక్కతో అతికించేవారు. వేడి చేస్తే లక్క కరుగుతుంది, పిడి ఊడుతుంది. తాత పట్టాకు మనవడు కొత్త పిడి వేయించుకునేవాడు. గెలిచినవాడు ఓడినవాడి పట్టాకు తన తర్జ్ పిడి బిగించుకునేవాడు. కాబట్టి రెంటినీ విడివిడిగా పరఖాలి.

జపాన్ వాళ్ల పద్ధతి వేరు. వాళ్ల పిడిని ఒక చిన్న వెదురు మేకు పట్టి ఉంచుతుంది. మేకు తీస్తే పిడి వచ్చేస్తుంది, లోపలి ఇనుప తోక బయటపడుతుంది. ఆ తోకను 'నకాగో' అంటారు. చేసినవాడి దస్తఖత్, ఆకురాయి గీతలు, శతాబ్దాల తుప్పు రంగు అన్నీ అక్కడే ఉంటాయి. ఆ తుప్పును జపాన్‌లో ఎవరూ తుడవరు. అది తుడిస్తే వయసు సబూత్ పోయినట్టే, తల్వార్ ఖీమత్ కుప్పకూలినట్టే. మన తల్వార్‌కు ఆ వీలు లేదు. లక్కను కదిలించి లోపల చూద్దామనుకోకండి. పిడి పగులుతుంది, పట్టా ఉడుకెత్తి లోహం గుణమే మారవచ్చు.

పాత పిడిలో తోక చివర నట్టు, బోల్టు మరలు కనిపిస్తే అది అలంకారం కోసం చేసిన నేటి సరుకు అనుకోండి. పట్టా అద్దంలా ఒకే తీరుగా మెరుస్తూ, తుప్పు మచ్చ ఒక్కటీ లేకపోతే అది స్టెయిన్‌లెస్ స్టీల్ కావచ్చు. స్టెయిన్‌లెస్ 20వ శతాబ్దపు సంగతి. ఔరంగజేబ్ జమానాలో లేదు.

జౌహర్

ఉక్కు ముద్దను కొట్టి సాగదీసిన పట్టాలో కార్బన్ గీతలు గీతలుగా నిలుస్తాయి. ఉస్తాద్ చివర్లో తేలికపాటి తేజాబ్ పూస్తే ఆ గీతలు నీటి అలల్లా, ఇసుక మీది గాలి జాడల్లా తేలుతాయి. దాన్నే జౌహర్ అంటారు. ఉర్దూలో 'జౌహర్' అంటే రత్నం, గుణం, లోపలి సత్తా కూడా. మనిషి 'జౌహర్ దిఖానా' అంటామే, ఆ మాట వెనుక ఈ పట్టా కూడా ఉంది. యూరప్ వాళ్లు దీన్ని 'డమాస్కస్' అన్నారు. మైకేల్ ఫారడే లాంటి సైన్సుదానులు 1819 ప్రాంతంలో లండన్‌లో ఈ ఉక్కు గుట్టు విప్పాలని ప్రయత్నించారు. 2006లో జర్మనీలో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు ఒక డమాస్కస్ తల్వార్ ముక్కలో కార్బన్ నానోట్యూబులు ఉన్నాయని 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

అస్లీ జౌహర్‌కి రెండు గుర్తులు. గీతలు అచ్చు పోసినట్టు ఒకే కొలతలో ఉండవు, దగ్గరవుతూ దూరమవుతూ పోతాయి. రెండోది, అవి లోహం లోపలి నుంచి వస్తాయి. పట్టా అరిగిన చోటా, ధార్ వాలు మీదా కూడా కొనసాగుతాయి. నఖ్లీలో తేజాబ్‌తో పైపైన గీసిన డిజైన్ ఉంటుంది. భూతద్దంలో చూస్తే ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది, అరిగిన చోట ఆగిపోతుంది. వేరువేరు ఇనుప పట్టీలను కలిపి కొట్టి మెలిపెట్టిన ఇంకో రకం కూడా ఉంది. దాని గీతలు తాడు మెలికల్లా క్రమంగా ఉంటాయి. అది నఖ్లీ కాదు, వేరే హునర్. రెంటి ఖీమతూ ఒకటి కాదు.

ఒక హెచ్చరిక. జౌహర్ మురికి కింద నిద్రపోతుంటుంది. నల్లగా, మొద్దుగా కనిపించే పట్టాలో ఏమీ లేదని తీర్పు చెప్పకండి. జౌహర్ తేల్చడానికి ఇంట్లో తేజాబ్ ప్రయోగాలూ చేయకండి.

పేరు చూసి మోసపోకండి

ఉర్దూ చదివిన మన పిల్లలకు ఇక్కడ ఒక లాభం ఉంది, ఒక ప్రమాదం ఉంది. పట్టా మీది రాత చదవగలగడం లాభం. చదివినదాన్ని నమ్మేయడం ప్రమాదం.

'అమల్-ఎ-అసదుల్లాహ్ ఇస్ఫహానీ' అని చాలా పట్టాల మీద ఉంటుంది. అసదుల్లాహ్ చేసిన పని అని అర్థం. షాహ్ అబ్బాస్ జమానా పేరుతో ముడిపడిన మహా ఉస్తాద్ అతను. పక్కనే 'బందే-యె-షాహ్-ఎ-విలాయత్ అబ్బాస్' అని కూడా కనిపిస్తుంది. ఒక్క మనిషి వందేళ్లు పగలూ రాత్రీ కొట్టినా అన్ని పట్టాలు చేయలేడు. ఆ పేరు తర్వాత తర్వాత మేలిరకం అనే ముద్రలా మారిపోయింది. ఇరాన్‌లోనూ, హిందుస్తాన్‌లోనూ తరాల తరబడి వేసుకున్నారు. జపాన్‌లోనూ ఇదే బీమారీ. పెద్ద ఉస్తాద్ పేరును దొంగతనంగా చెక్కితే వాళ్లు 'గిమెయ్' అంటారు. అందుకే అక్కడ హొనామీ ఖాందాన్ తరతరాలుగా తల్వార్లను పరఖి కాగితం రాసిచ్చేది. ఆ పండితులు ముందు లోహం చూస్తారు, ఆకారం చూస్తారు, చివర్లో పేరు చదువుతారు. పేరు లోహంతో సరిపోతేనే ఒప్పుకుంటారు.

నాలుగు గడుల చదరంలో బే, దాల్, వావ్, హే హరూఫ్ కానీ, 2, 4, 6, 8 అంకెలు కానీ కనిపిస్తే అది తయారైన సంవత్సరం కాదు. 'బుద్దూహ్' అనే తావీజు. అబ్జద్ లెక్కలో ఆ హరూఫ్ విలువే ఆ అంకెలు. మిర్యాలగూడలో ఒక ఇంట్లో దీన్ని 2468 హిజ్రీ అని చదివి నాకు చూపించారు. ఇప్పుడు నడుస్తున్నది ఇంకా 1400ల హిజ్రీయే కదా!

నిజంగా సన్ ఉంటే లెక్క తేలికే. హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలపండి, ఈస్వీ సన్ దాదాపుగా వస్తుంది. 1100 హిజ్రీ అంటే 1689 ప్రాంతం. నిజాం సర్కార్ కాగితాల మీద ఫస్లీ ఉంటుంది, దానికి 590 కలపండి. తల్వార్‌తో పాటు పాత సందూఖ్‌లో ఉర్దూ కాగితం ఏదైనా దొరికితే పారేయకండి. కొన్నిసార్లు ఆ కాగితం తల్వార్ కన్నా విలువైనది.

పరుగెత్తే తోడేలు బొమ్మ, కొడవలి లాంటి జంట గీతలు ఉంటే అవి యూరప్ కార్ఖానాల ముద్రలు. జర్మనీలోని జోలింగెన్, ఇటలీలోని జెనోవా లాంటి చోట్ల నుంచి పట్టాలు మన రేవులకు వచ్చేవి. మన కారీగర్లు ఆ ముద్రలను నకలు కూడా చేసేవారు. పిడి మీదో, పిడి దగ్గర పట్టా మీదో చుక్కలు పొడిచినట్టు దేవనాగరి రాత ఉంటే అది ఏదో రాజపుత్ సిలాహ్‌ఖానా లెక్క నంబరు కావచ్చు. ఔరంగజేబ్ ఫౌజు 1689 ప్రాంతంలో ఆదోని గెలిచింది. బికనేర్ మహారాజా అనూప్ సింగ్ ఆ ముహిమ్‌లో ఉన్నారు. అక్కడ చిక్కిన దక్కనీ ఆయుధాలు బికనేర్ ఖిల్లాకు చేరాయి, వాటి మీద ఇలాంటి చుక్కల రాతతో లెక్క రాసుకున్నారు. అందువల్లే ఇవాళ పండితులు ఫలానా పిడి తర్జ్ ఫలానా కాలపు దక్కన్‌ది అని ధైర్యంగా చెప్పగలుగుతున్నారు. ఒక గుమాస్తా పొడిచిన చుక్కలు మూడు వందల ఏళ్ల తర్వాత సబూత్ అయ్యాయి.

ఖీమత్ దేనికి?

2023 మే 23న లండన్‌లో బోన్‌హామ్స్ వేలంలో టిప్పు సుల్తాన్ తల్వార్ ఒకటి కోటీ నలభై లక్షల పౌండ్లకు పోయింది. మన లెక్కలో సుమారు 140 కోట్ల రూపాయలు. ఆ ఖబర్ వచ్చాక మన తరఫున అటకలన్నీ కదిలాయి. అంత డబ్బు వచ్చింది ఉక్కుకు కాదు, బంగారానికీ కాదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ తల్వార్‌ని మేజర్ జనరల్ డేవిడ్ బైర్డ్‌కి ఇచ్చారు. అప్పటి నుంచి అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సిల్సిలా ఉంది. హదీస్‌కి ఇస్నాద్ ఎలాగో పాత వస్తువుకు ఈ సిల్సిలా అలాగ. గొలుసులో ఒక కడీ తెగితే మాట బలం తగ్గిపోతుంది.

మన ఇళ్లలోని తల్వార్లకు ఆ సిల్సిలా ఎందుకు లేదు? దీనికి జవాబ్ చేదుగా ఉంటుంది.

1948, రెండు ముల్కులు

1948 సెప్టెంబర్ 13న హింద్ ఫౌజు విజయవాడ వైపు నుంచి వచ్చి కోదాడ పట్టుకుంది. మర్నాడు సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం ఫౌజు మూసీ మీది వంతెన పేల్చింది. 17వ తారీఖుకు అంతా అయిపోయింది. అంతకు ముందు రెండేళ్లుగా ఈ జిల్లా నిప్పుల మీద ఉంది. దొరల జుల్మ్ మీద రైతులు తిరగబడ్డారు. రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. వాళ్ల చేతుల్లోని తల్వార్లు చూసి వణికిన ఇళ్లు ఈ మూడు తాలూకాల్లో తక్కువేం కాదు. ఆ బాధను దాచిపెట్టి మనం తారీఖ్ రాయలేం. పోలీస్ యాక్షన్ తర్వాత మొదలైంది ఇంకో బాధ. ఏ రజాకార్‌తోనూ సంబంధం లేని ముస్లిం ఖాందాన్లు దానికి బదులు చెల్లించాయి. పండిత్ సుందర్‌లాల్ కమిటీ రాష్ట్రమంతటా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది.

ఆయుధాలు అప్పగించాలని హుకుం వచ్చింది, తలాషీలు జరిగాయి. ఇంట్లో తల్వార్ దొరికితే ఏమవుతుందో అన్న దహశత్‌లో బుజుర్గులు రాత్రికి రాత్రి వాటిని బావుల్లో వేశారు, పెరట్లో పాతిపెట్టారు, కమ్మరి దగ్గర కొడవళ్లుగా మార్పించారు. మా తరఫున ఏ పెద్దావిడను కదిలించినా ఇలాంటి బావి ముచ్చట ఒకటి చెబుతుంది. దాచుకున్న ఒకటీ అరా తల్వార్ల గురించి పిల్లలకు ఏమీ చెప్పలేదు. చెబితే వాళ్లు బయట అనేస్తారని భయం. అలా తెగింది సిల్సిలా. రెండు తరాలు నోరు మూసుకుంటే మూడో తరానికి మిగిలేది ఇనుము ముక్క.

అదే కాలంలో జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. 1945లో జపాన్ లొంగిపోయాక అమెరికా ఫౌజు అక్కడా ఇళ్లలోని తల్వార్లన్నీ అప్పగించమంది. లక్షల్లో జమయ్యాయి. ఎన్నో సముద్రంలోకీ, కొలిమిలోకీ పోయాయి, ఎన్నో సిపాయిల సంచుల్లో అమెరికా వెళ్లాయి. అప్పుడు హొన్మా జున్జీ అనే పండితుడు అమెరికన్ అఫ్సర్ల దగ్గరికి వెళ్లి, ఇవన్నీ ఆయుధాలు కావు, వీటిలో కళ ఉన్నవీ, తారీఖ్ ఉన్నవీ ఉన్నాయి, వేరుచేయనివ్వండి అని ఒప్పించాడు. 1948లోనే, మన బావుల్లో తల్వార్లు పడిన అదే ఏడాది, అక్కడ జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం ఏర్పడింది. టోక్యోలోని అకబానే గోదాములో పోగుపడిన వాటిలో నుంచి ఐదు వేలకు పైగా ఏరి నేషనల్ మ్యూజియానికి చేర్చారు. తర్వాత తర్వాత దేశంలో ప్రతి పాత తల్వార్‌కీ రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది.

ఓడిపోయినవాళ్లు ఇద్దరూ. తేడా ఏమిటంటే, అక్కడ 'ఇది దస్తావేజు' అని చెప్పే మనిషి సమయానికి నిలబడ్డాడు, వినే అఫ్సర్ దొరికాడు. ఇక్కడ ఇద్దరూ లేరు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మన దక్కనీ ఆయుధాలూ, జపాన్ వస్తువులూ ఒకే కప్పు కింద ఉన్నాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో కన్నుమూశారు, 1951లో మ్యూజియం తెరిచారు. పెద్ద దేవిడీల సొత్తు అలా నిలిచింది. సూర్యాపేట ముహల్లాల్లోని మామూలు జమాదార్ల, మున్సబ్‌దార్ల, సిపాయిల తల్వార్లకు మ్యూజియం దొరకలేదు.

మిగిలినదాన్ని కాపాడదాం

మొదటిది, తోమకండి. చింతపండు, నిమ్మకాయ, ఎమెరీ కాగితం, సాన రాయి, ఏదీ వద్దు. ఎర్రగా పొడిలా రాలే తుప్పు మాత్రమే దుష్మన్. నల్లగా గట్టిగా పట్టినది వయసు నిషానీ. మెత్తటి నూలు గుడ్డతో దుమ్ము తుడిచి, కుట్టుమిషన్‌కు వేసే పల్చటి నూనె ఒక పూత చాలు. ధార్‌ని వేలితో తాకకండి, చెమట తుప్పు పట్టిస్తుంది. తేమ పట్టిన తోలు మ్యాన్‌లో, మఖ్మల్ ఒరలో పట్టాను ఉంచకండి. పట్టా, మ్యాన్ విడివిడిగా, పొడి గుడ్డలో పెట్టండి.

రెండోది, ఖానూన్. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. సొంతంగా దేశం దాటించడం నేరం. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న భాయ్‌కి సూట్‌కేసులో పంపడం గురించి ఆలోచించనే వద్దు. ఆయుధాల చట్టం వేరే ఉంది, పొడుగాటి ధార్ ఉన్న వాటికి ప్రాంతాన్ని బట్టి లైసెన్సు అవసరం పడవచ్చు. మంచి వకీల్‌ని ముందే అడగండి. పాత బావి పూడిక తీస్తుంటే ఏదైనా దొరికితే దాచకండి, కలెక్టర్ ఆఫీసుకు తెలియజేయండి. అన్నిటికన్నా ముఖ్యం, షాదీ బరాత్‌లో తిప్పడం, చేత్తో పట్టుకుని ఫొటో పెట్టడం వద్దే వద్దు. ఈ జమానాలో మన పిల్లవాడి చేతిలో తల్వార్ ఫొటో ఎక్కడికి వెళ్లి ఏ రంగు పులుముకుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మూడోది, కొనేవాళ్లకు. మొదటి ఏడాది ఏదీ కొనకండి. సాలార్‌జంగ్‌కి నాలుగుసార్లు వెళ్లండి, ఒక్కో పట్టా ముందు పది నిమిషాలు నిలబడండి. కన్ను తయారయ్యాక డబ్బు తీయండి. అమ్మేవాడు కథ ముందు చెప్పి వస్తువు తర్వాత చూపిస్తే లేచి వచ్చేయండి.

నాలుగోది, అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా జరూరీ. రాసిపెట్టండి. ఇంట్లో తల్వార్ ఉన్నా సరే, బావిలో పడిందన్న ముచ్చట మాత్రమే ఉన్నా సరే. దాదీ, నానీ బతికి ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ఎవరిది, ఏ నౌకరీలో ఇచ్చారు, ఏ ఊరి బావి, ఏ ఏడాది. కాగితం మీద తారీఖ్ వేసి, చెప్పినవారి పేరు రాసి, కింద దస్తఖత్ పెట్టండి. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటిపోయాయి. ఉక్కు ఇంకో మూడు వందల ఏళ్లు ఆగుతుంది. వాళ్లు ఆగరు.